ముఖం మీద వల, మెడ కింద దిండు

(వైద్యం కోసం చెన్నై వచ్చే తెలుగు కుటుంబాలకు తోడుండే వాలంటీర్ల సమావేశంలో ఒక రేడియోథెరపీ టెక్నాలజిస్టు ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. 1954లో డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి మొదలుపెట్టిన అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌కీ, ఆ తర్వాత వచ్చిన ఆసుపత్రులకీ మనవాళ్ళు వస్తూనే ఉన్నారు. మాధవరం బస్టాండులోనో సెంట్రల్ స్టేషన్లోనో దిగగానే వాళ్ళకు ఫోన్లో దొరికేది మీరు. డాక్టరు తమిళంలోనో ఇంగ్లీషులోనో చెప్పింది సగం అర్థమవుతుంది, మిగతా సగం రాత్రికి మిమ్మల్నే అడుగుతారు. అందుకే ఇవాళ మౌల్డ్ రూము, అంటే రేడియేషన్ ఇచ్చేటప్పుడు తల కదలకుండా పట్టే వలను తయారుచేసే గది, సంగతి చెబుతాను.

"ముఖానికి వల బిగించి కరెంటు పెడతారంట కదా!" వాళ్ళు కరెంటు అనేది రేడియేషన్‌నే, కానీ ఈ మాటకే సగం మంది నీరుగారిపోతారు. ఆ వల రెండు మూడు మిల్లీమీటర్ల మందం ఉన్న ప్లాస్టిక్ రేకు, నిండా చిల్లులు. ఎక్కువగా పాలీకాప్రోలాక్టోన్ అనే పదార్థంతో చేస్తారు. అది 60 డిగ్రీలకే మెత్తబడుతుంది కాబట్టి 65, 70 డిగ్రీల నీళ్ళ తొట్టిలో వేస్తాం. కాసేపటికి తడి అప్పడంలా వేలాడుతుంది. బయటికి తీసి, నీళ్ళు ఒత్తి, వేడి మా చెయ్యి ఓర్చుకునేంతగా తగ్గేదాకా ఆగి, ముఖం మీద పరిచి కిందికి లాగి, బల్ల మీది ప్లేటుకు క్లిప్పులు వేస్తాం. ముక్కు దూలం, నుదురు, గడ్డం దగ్గర వేళ్ళతో ఒత్తుతాం. అచ్చు అక్కడే సరిగ్గా పడాలి. వెచ్చగా, తడిగా ఉంటుంది, కాలదు. చల్లారేటప్పుడు కొంచెం కుంచించుకుంటుంది కాబట్టి బిగువు తెలుస్తుంది. ఇది ముందే చెప్పండి, లేకపోతే ఏదో తప్పు జరిగిందనుకుంటారు.

నన్నడిగితే వలకంటే మెడ కింది దిండు ముఖ్యం. మెడ వంపుకూ దిండుకూ మధ్య సందు ఉంటే, పైన ఎంత బిగించినా లోపల గడ్డం కదులుతూనే ఉంటుంది. మన పెద్దవాళ్ళేమో "ఫర్వాలేదమ్మా, సర్దుకుంటాలే" అంటారు. ఆ సర్దుకోవడమే మాకు చేటు. మెడ పట్టేసినా, మోకాళ్ళు లాగినా మొదటి రోజే చెప్పాలి. మోకాళ్ళ కింద ఒక దిండు పెడితే తీరే నొప్పికి, వారాల తరబడి పళ్ళు బిగించుకుని పడుకోవడం ఎందుకు?

ఇంత పట్టుదల దేనికంటే, గొంతు క్యాన్సర్‌కు సాధారణంగా 70 గ్రే (రేడియేషన్ మోతాదుకు కొలత) మోతాదును 35 సిట్టింగుల్లో, వారానికి ఐదు రోజుల చొప్పున ఏడు వారాలు ఇస్తారు. పక్కనే ఉన్న వెన్నుపాముకు 45, 50 గ్రే దాటకూడదు. రేడియేషన్ ఎక్కడ ఎంత పడాలో వేసే ప్లానులో, కదలికల కోసం చుట్టూ వదిలే అదనం చాలా సార్లు 3 నుంచి 5 మిల్లీమీటర్లే. మొదటి రోజు ప్లాను కోసం తీసిన సీటీ స్కాన్‌లో ఎలా పడుకున్నారో ముప్పయ్యైదో రోజూ అలాగే పడుకోవాలి. గోడల మీది లేజర్ గీతలు వల మీద మేం గీసిన గుర్తులతో కలిశాక, మిషను మీదే స్కాన్ తీసి సరిచూసి, అప్పుడు మొదలుపెడతాం.

వల మీద పుట్టెడు జాగ్రత్త పెట్టినా, దాన్ని పాడుచేసేది మామూలు విషయాలే. గడ్డం గీసుకోవాలంటే వల చేసేముందే గీసుకోవాలి. కొప్పు ముడి ఉంటే తల పైకి లేస్తుంది, జడ విప్పి రమ్మనండి. ఇంకోటి, మనవాళ్ళకే ప్రత్యేకం: శని, ఆదివారాలు సెలవు కదా అని తిరుమల వెళ్ళి తలనీలాలు ఇచ్చి వస్తారు. సోమవారం వల వదులు! మొక్కు వద్దనను, వల చేయకముందు తీర్చుకోమనండి, లేదా చికిత్స అయ్యాక. తిండి దిగక బుగ్గలు లోపలికి పోయినా అంతే. మళ్ళీ వల, మళ్ళీ సీటీ, మళ్ళీ ప్లాను. కాబట్టి బరువు తగ్గితే దాచకుండా చెప్పాలి.

స్కానింగుల సంగతి రెండు మాటల్లో. 1895లో ఎక్స్‌రేను కనిపెట్టిన రాంట్‌జెన్ తన భార్య చేతిని ఎక్స్‌రే తీసినప్పుడు ఆవిడ చెయ్యి చాలా నిమిషాలు కదపకుండా పెట్టాల్సి వచ్చింది. ఇప్పుడు సీటీ సెకన్లలో అయిపోతుంది. ఎమ్మారై అలా కాదు. ఒక్కో వరస బొమ్మలకు నిమిషాలు పడుతుంది, ఆ సేపంతా కూడబెట్టిన సంకేతాలతోనే బొమ్మ తయారవుతుంది. మధ్యలో ఒక్క దగ్గు వస్తే మొత్తం మసకే. చంటిబిడ్డకు పాలు పట్టి, గుడ్డలో చుట్టి, నిద్రపుచ్చి తీస్తే చాలాసార్లు మత్తు అవసరం ఉండదు. ఎక్స్‌రేకు పిల్లాణ్ణి పట్టుకోవాల్సి వస్తే సీసపు ఏప్రాన్ వేసుకుని ఇంట్లోవాళ్ళు పట్టుకోవాలి, గర్భిణులు మాత్రం వద్దు. ఇక విరిగిన ఎముకకు వేసిన కట్టు మీద ఎక్స్‌రే తీయరేమోనని భయపడేవాళ్ళకు చెప్పండి: తీస్తారు. పిండికట్టు తడిగా ఉంటే మోతాదు కొంచెం పెంచాల్సి వస్తుంది, ఫైబర్ కట్టుకు అంత ఇబ్బంది లేదు.

చీటీల్లో ఒక ప్రశ్న వచ్చింది: "వలలో ఊపిరాడకపోతే?" చిల్లుల గుండా గాలి ఆడుతుంది. మేం బయట ఉన్నా కెమెరాలో చూస్తూనే ఉంటాం, మాట కూడా వినబడుతుంది. చెయ్యెత్తితే మిషను ఆపేసి లోపలికి వస్తాం, క్లిప్పులు తీయడానికి క్షణాలు చాలు. మరీ భయపడేవాళ్ళకు కళ్ళ దగ్గర కోసి తెరిచే వీలుందేమో డాక్టరును అడగండి, జబ్బు ఉన్న చోటును బట్టి ఆయన చెబుతారు. సిగ్గుపడి మాత్రం ఊరుకోవద్దు. మొదటి రోజుకు ముందే ఒకసారి ఖాళీ వల చేత్తో పట్టుకుని చూస్తామని అడగమనండి, మా దగ్గర పాతవి ఉంటాయి, ఇస్తాం.