ఉద్ది కుదిరిన అడుగు

(బెంగళూరులో తెలుగు కుటుంబాల వార్షిక కలయికలో చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, అక్కలకు, అన్నలకు, ముందు వరసలో కూర్చున్న పిల్లలకు నమస్కారం.

మాది మదనపల్లె దగ్గర ఒక చిన్న పల్లె. మా ఊళ్ళో కోలాటానికి దిగేముందు పెద్దవాళ్ళు మొదట అడిగే మాట, "నీ ఉద్ది ఎవరు?" అని. ఉద్ది అంటే జత. ఎత్తులో, ఊపులో, తాళంలో నీకు సరితూగే మనిషి. ఉద్ది దొరకనివాళ్ళు పక్కన నిలబడి చూడాల్సిందే. నీ చేతిలో కోల తగలాల్సింది ఎదుటివాళ్ళ కోలకు కదా, ఒక్కరే ఎంత బాగా తిప్పినా చప్పుడు పుట్టదు.

నేను ఈ ఊరికి కోడలిగా వచ్చి 22 ఏళ్ళయింది. మా ఆయనా నేనూ ఇక్కడే జంటగా ఆడే సల్సా, టాంగో నాట్యాలు నేర్చుకున్నాం. 13 ఏళ్ళుగా ఆదివారం పొద్దున పూట నేర్పుతున్నాం. పార్ట్‌నర్ అనే మాట రోజూ వాడుతూనే ఉంటాను కానీ, మనసులో మాత్రం అది నాకు ఉద్దే.

ఈ సభకు రమ్మని పిలిచిన అక్క ఫోన్‌లో నన్నొక మాట అడిగారు. "ఏమ్మా, అందరి ముందర మొగుడూ పెళ్ళాలు చేతులు పట్టుకుని ఆడడం మనవాళ్ళకు అలవాటు లేని పని కదా, వాళ్ళకేం చెప్తావు?" అన్నారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలనే వచ్చాను. ఆ బిడియం ఎలా ఉంటుందో నాకు తెలుసు. పెళ్ళయిన కొత్తలో మా అత్తగారి ఎదుట మా ఆయన పక్క కుర్చీలో కూర్చోవడానికే నాకు రెండేళ్ళు పట్టింది. అయితే బిడియపడేది మనసు. మన ఒంటికి ఈ విద్య కొత్తది కాదని నా నమ్మకం.

ఇక్కడున్న అక్కల్లో ఒప్పులకుప్ప తిరగనివాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఒక్కసారి గుర్తు చేసుకోండి. ఇద్దరు పిల్లలు ఎదురెదురుగా నిలబడతారు, కాలివేళ్ళు దాదాపు తగిలేంత దగ్గరగా. చేతులు అడ్డంగా మార్చి, కుడి చేత్తో కుడి చెయ్యి, ఎడమ చేత్తో ఎడమ చెయ్యి పట్టుకుంటారు. ఆ తర్వాత ఇద్దరూ వెనక్కి వాలతారు. కిటుకంతా ఆ వాలడంలోనే ఉంది. నువ్వు వాల్చిన బరువును ఎదుటి పిల్ల ఆపుతుంది, ఆ పిల్ల వాల్చిన బరువును నువ్వు ఆపుతావు. ఒకరు బొద్దుగా ఉంటే ఆ పిల్ల కాస్త తక్కువ వాలుతుంది. ఎంత తక్కువో ఎవరూ నేర్పరు, చేతులకే తెలిసిపోతుంది. మోచేతులు ముడుచుకుంటే వేగం చచ్చిపోతుంది. పట్టు వదిలితే ఇద్దరూ చెరోవైపు పడతారు. ఇందులో తిప్పేది ఎవరు, తిరిగేది ఎవరు అంటే ఎవరం చెప్పగలం? ఎనిమిదేళ్ళ పిల్లలు వాకిట్లో ఆడుకునే ఈ ఆటనే సల్సా క్లాసుల్లో, స్వింగ్ క్లాసుల్లో కౌంటర్‌బ్యాలెన్స్ అని పేరుపెట్టి వారాల తరబడి నేర్పుతారు.

మగవాళ్ళకూ ఇలాంటిది ఉండేది. మా తాత, వాళ్ళ తమ్ముడు కలిసి గూడ వేసేవాళ్ళు. కాలవకు చెరోపక్క నిలబడి, గూడకు కట్టిన తాళ్ళు చెరో రెండు పట్టుకుని, ముంచి, ఎత్తి, నీళ్ళు మడిలోకి విసిరేవాళ్ళు. ఒకరు రెప్పపాటు ముందు లాగితే గూడ ఒరిగిపోయి నీళ్ళు తిరిగి కాలవలోకే పోతాయి. గట్టు తగాదా వచ్చి అన్నదమ్ములిద్దరూ మాటలు మానేసిన రోజుల్లో కూడా గూడ మాత్రం తప్పేది కాదని మా అవ్వ చెప్పేది. ఆ నెలల్లో వాళ్ళ మధ్య నడిచిన మాటలన్నీ ఆ తాళ్ళ మీదే నడిచాయి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మా దగ్గరికి వచ్చే జంటల్లో ముప్పాతిక మంది మగవాళ్ళు ఒకే నమ్మకంతో వస్తారు. జంటలో ఒకరు నడిపిస్తారు, దాన్ని లీడ్ అంటాం. ఇంకొకరు దాన్ని అందుకుని కదులుతారు, అది ఫాలో. లీడ్ చెయ్యడమంటే ఆమె చెయ్యి పట్టి కావలసిన వైపు లాగడమని వాళ్ళ నమ్మకం. నేను నేర్చుకుంటున్న కొత్తలో ఒక క్లాసులో నాకు ఎదురొచ్చిన ఆయన అలాగే నమ్మాడు. నా చేతి వెనక బొటనవేలు బిగించి, తల మీదుగా ఒక్క తిప్పు తిప్పాడు. మణికట్టు దగ్గర కలుక్కుమంది. ఆరు వారాలు కట్టు కట్టుకుని తిరిగాను, చపాతీ పిండి కూడా మా ఆయనే కలిపాడు. అందుకే మా క్లాసులో మొదటి రోజు నేర్పేది అడుగు కాదు, పట్టు. నాలుగు వేళ్ళూ కొక్కెంలా వదులుగా వంచాలి. బొటనవేలు బిగించకూడదు. నా చెయ్యి ఆ వేళ్ళ లోపల సులువుగా తిరగాలి, బావి గిలకలో తాడు జారినట్టు.

చేతుల మధ్య బిగువు ఎంత ఉండాలని అడిగితే ఒకటే చెప్తాను. ఉతికి ఆరేసిన దుప్పటిని ఇంట్లో ఇద్దరు కలిసి మడతపెడతారు కదా. రెండు కొసలు పట్టుకుని వెనక్కి జరిగినప్పుడు దుప్పటి నడుమ జారి నేలకు తగలకూడదు, ఎదుటివాళ్ళ చేతుల్లోంచి ఊడిరానూ కూడదు. దులిపితే ఈ చివర పుట్టిన అల ఆ చివరికి పోవాలి. ఆ మాత్రం బిగువు చాలు. మా వృత్తిలో దీన్నే ఫ్రేమ్ అంటాం. మోచేతులు పక్కటెముకలకు అతుక్కుపోకుండా, అలాగని ఎక్కడో గాలిలో తేలకుండా ఒంటికి కాస్త ముందు నిలిస్తే ఛాతీ ఎటు తిరిగితే కబురు అటు పోతుంది.

రెండోది బరువు. కూర్చున్న చోటే ఒకసారి లేచి నిలబడి చూడండి, పర్వాలేదు, లేవండి. బరువంతా ఎడమ కాలి మీద వెయ్యండి. ఇప్పుడు ఎడమ కాలు ఎత్తండి. రాదు. ముందు బరువు కుడి కాలి మీదికి మారాలి. కూర్చోండి. జంట నాట్యంలో జరిగే పొరపాట్లలో చాలావాటికి మూలం ఇదే. ఆమె బరువు ఏ కాలి మీద ఉందో తెలుసుకోకుండా ఆయన అడుగు అడుగుతాడు. బరువున్న కాలును కదల్చమంటే ఆమె తడబడుతుంది. ఆయన "నీకు రాదు" అంటాడు. కానీ తప్పు కాలిది కాదు, అడిగిన తరుణానిది. మంచి లీడ్ అంటే ముందు ఆమె బరువు ఎక్కడుందో అరచేతితో వినడం, ఆ తర్వాతే మనం అడగడం.

సల్సా లెక్కలోనే ఈ మర్మం ఉంది. ఎనిమిది లెక్కలకు ఆరు అడుగులు. ఒకటి, రెండు, మూడు. ఐదు, ఆరు, ఏడు. నాలుగు దగ్గర, ఎనిమిది దగ్గర అడుగు లేదు. కొత్తవాళ్ళు ఆ రెండింటినీ ఖాళీ అనుకుని ఉరుకుతారు. నాకు మాత్రం ఆటలో రుచి అక్కడే ఉంది. నాలుగు దగ్గర బరువు ఒక కాలి మీద కుదురుకుంటుంది, రెండో కాలికి తీరిక చిక్కుతుంది. ఆమెను తిప్పాలనుకుంటే ఆయన చెయ్యి మూడు దగ్గరే లేవడం మొదలవ్వాలి, ఐదు రాకముందే ఆమెకు సంగతి అందాలి. ఐదు వచ్చాక చెయ్యెత్తితే ఆలస్యమైపోయింది, ఇక బలం వాడక తప్పదు. మణికట్లు బెణికేది సరిగ్గా అప్పుడే.

మీలో కొందరికి ఇదంతా పరాయి దేశపు అలవాటు అనిపించవచ్చు. ఆ దేశాల్లో కూడా దీన్ని చూసి బెదిరినవాళ్ళు ఉన్నారు. 1816లో ఇంగ్లండు రాజు ఆస్థానంలో మొదటిసారి వాల్ట్జ్ అనే జంట నాట్యం ఆడారని తెలిసి, లండన్ పత్రిక ది టైమ్స్ అది మర్యాదస్తుల ఆడపిల్లలకు తగని ఆట అని రాసింది. అప్పటిదాకా అక్కడ జంటలు ఎక్కువగా వరసల్లో నిలబడి చేతులు మాత్రమే తాకించుకుని ఆడేవాళ్ళు. ఒకరినొకరు పొదివి పట్టుకుని తిరగడం వాళ్ళకూ కొత్తే. టాంగో పుట్టింది దక్షిణ అమెరికాలో, అర్జెంటీనాలోని బ్యూనస్ ఐరిస్, ఉరుగ్వేలోని మాంటెవిడియో రేవుల దగ్గరి పేదల వాడల్లో. వలస వచ్చినవాళ్ళు, బానిసత్వంలోంచి బయటపడ్డ ఆఫ్రికా జాతివాళ్ళ సంతతి, కూలీలు కలిసి పుట్టించిన ఆట అది. అక్కడి గొప్పవాళ్ళు మొదట్లో మొహం చిట్లించారు. 2009లో అదే టాంగోను అర్జెంటీనా, ఉరుగ్వే తరఫున యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. న్యూయార్క్ హార్లెంలో 1926 నుంచి 1958 దాకా సవాయ్ బాల్‌రూమ్ అని ఒక హాలు ఉండేది. నల్లవాళ్ళు, తెల్లవాళ్ళు ఒకే బస్సులో పక్కపక్కన కూర్చోలేని రాష్ట్రాలున్న దేశంలో, ఆ చెక్క నేల మీద మాత్రం అందరూ కలిసి లిండీ హాప్ అనే జంట నాట్యం ఆడారు. నేను నేర్పే విద్యలో నాకు అన్నిటికంటే గర్వంగా ఉండే సంగతి అది.

మన చుట్టుపక్కల కూడా ఇది కొత్తది కాదు. ఈ ఊరి కంటోన్మెంటులో, కోలారు బంగారు గనుల కాలనీల్లో, గుంతకల్లు లాంటి రైల్వే ఊళ్ళలో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు తరాల పాటు క్రిస్మస్‌కు వాల్ట్జ్, ఫాక్స్‌ట్రాట్, జైవ్ లాంటి జంట నాట్యాలు ఆడుకున్నాయి. ఆ పక్క వీధుల్లోనే మనవాళ్ళు కాపురాలు ఉన్నారు.

లీడ్ అంటే మగవాడు, ఫాలో అంటే ఆడమనిషి అన్న లెక్క కూడా నేను ఒప్పుకోను. బ్యూనస్ ఐరిస్‌లో పాతతరం మగవాళ్ళు మగవాళ్ళతోనే సాధన చేసేవాళ్ళు. ముందు ఫాలో చెయ్యడం వంటబట్టాకే లీడ్‌కు వచ్చేవాళ్ళు. మనకు ఇది అర్థం కానిదేమీ కాదు. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ గారు సత్యభామగా రంగం మీదికి వస్తే ఆ నడక, ఆ జడ, ఆ చూపు ఎవరూ మరిచిపోలేకపోయేవాళ్ళు. ఆడమనిషి అడుగును తన ఒంట్లోకి తెచ్చుకున్న మగవాళ్ళ పరంపర మన కృష్ణా తీరంలోనే ఉంది. అందుకే మా క్లాసులో మొదటి నెల మగవాళ్ళకు ఎక్కువగా ఫాలోయే. కళ్ళు మూసుకుని, వెనక్కి వెనక్కి నడుస్తూ, ఎదుటి మనిషిని నమ్మడం ఎంత కష్టమో తెలిసినవాడి చేతికి లాగే గుణం దానంతటదే పోతుంది.

ఒక జంట గురించి చెప్తాను. అనంతపురంలో ఉద్యోగం చేసి రిటైరై, వైట్‌ఫీల్డ్‌లో కొడుకు దగ్గర ఉంటున్నారు. ఆయన 60 దాటారు. సన్నగా, పొడుగ్గా ఉంటారు, నడక వేగం. ఆమెకు కుడి మోకాలు నొప్పి. పెళ్ళయినప్పటి నుంచీ ఆయన నాలుగడుగులు ముందు, ఆమె వెనక. సంతకు పోయినా అంతే, గుడికి పోయినా అంతే. వాళ్ళకు నేను స్పిన్‌లు, గిరగిరలు ఏమీ నేర్పలేదు. టాంగోకు పునాది నడకే కాబట్టి ఎనిమిది వారాలు నడకే నేర్పాను. ఎదురెదురుగా నిలబడి, ఆయన కుడి అరచెయ్యి ఆమె వీపు మీద, ఆమె ఎడమ చెయ్యి ఆయన భుజం మీద. ఆయన ముందుకు, ఆమె వెనక్కి. మొదటి వారం మూడో అడుగుకే ఆయన చెప్పు ఆమె వేళ్ళ మీద పడింది. ఆయన అడుగు బారెడు, ఆమెది జానెడు. నాలుగో వారం ఒక పాట మధ్యలో ఆయన ఆగిపోయారు. ఏమైంది సార్ అని అడిగాను. "కుడి కాలి మీదికి వచ్చినప్పుడు ఈమె ఊపిరి బిగబడుతోందమ్మా" అన్నారు. 38 ఏళ్ళ కాపురంలో ఆమె మోకాలి గురించి ఎన్నిసార్లు విన్నారో ఆయన. అరచేతికి తెలిసింది ఆ రోజు. అప్పటి నుంచి కుడి అడుగు దగ్గర ఆయన అర లెక్క ఎక్కువ ఆగుతారు. టాంగోలో అలా ఆగవచ్చు, పాట తప్పినట్టు కాదు. ఆమె నాతో ఏమీ అనలేదు, తర్వాతి వారం నా కోసం వేరుశనగ ఉండలు చేసి తెచ్చింది.

ఆరోగ్యం సంగతి చాలామంది అడుగుతారు. 2003లో ఒక పేరున్న అమెరికా వైద్య పత్రికలో పరిశోధన వచ్చింది. 75 ఏళ్ళు దాటిన 469 మందిని ఏళ్ళ తరబడి గమనించారు. ఒంటికి పని చెప్పే అలవాట్లలో నాట్యం ఉన్నవాళ్ళలోనే మతిమరుపు జబ్బు తక్కువగా కనిపించింది. నాట్యం వల్లే తగ్గిందని దాని అర్థం కాదు, బాగున్నవాళ్ళే ఎక్కువ ఆడి ఉండవచ్చు. పార్కిన్సన్స్ అనే, ఒళ్ళు వణికి కదలిక మందగించే జబ్బు ఉన్నవాళ్ళకు టాంగో నేర్పితే నిలకడ మెరుగైందని కూడా పరిశోధనలు ఉన్నాయి. అది నాకు నమ్మబుద్ధవుతుంది, ఎందుకంటే టాంగోలో ఆగడం, మళ్ళీ కదలడం, వెనక్కి అడుగెయ్యడం అన్నీ తెలిసి చెయ్యాల్సిన పనులే.

ఇక అసలు బిడియం దగ్గరికి. క్లాసులో జతలు మారాల్సి వస్తుంది. దానికి కారణం ఉంది. ఎప్పుడూ ఇద్దరే ఆడితే ఒకరి తప్పును ఇంకొకరు అలవాటుగా సర్దేస్తారు, తప్పు తప్పుగా కనిపించదు. కానీ ఇష్టం లేనివాళ్ళను మేము ఎన్నడూ మార్చలేదు, మార్చం. వద్దు అనే హక్కు ఈ ఆటలో మొదటి పాఠం. టాంగో ఆడే చోట పిలుపు కళ్ళతోనే. దూరం నుంచి చూపు కలుపుతారు, ఇష్టమైతే తల ఊపుతారు, లేకపోతే చూపు తిప్పుకుంటారు. ఎవరి పరువూ పోదు. మొగుడూ పెళ్ళాలకు నేను పెట్టే నియమం ఒక్కటే. నేల మీద ఉన్నంతసేపు "నువ్వు తప్పు చేశావు" అనకూడదు. "నాకు తెలియలేదు" అనాలి. మొదటి మాట నోట రాకుండా ఆపుకోవడం చాలామందికి బేసిక్ స్టెప్ కంటే కష్టంగా ఉంటుంది. మా ఇద్దరికీ మూడేళ్ళు పట్టింది.

ఇంక మాట్లాడను. మా ఆయనా నేనూ ఒక్క పాటకు నడిచి చూపిస్తాం. మా కాళ్ళు చూడొద్దు. నా వీపు మీద ఆయన అరచెయ్యి చూడండి, అడుగు పడేముందు అది ఎక్కడ ఆగుతుందో గమనించండి. గోడవారగా కూర్చున్నవాళ్ళు కుర్చీలు కాస్త వెనక్కి జరుపుకోండమ్మా, మేం గడియారానికి ఎదురు దిక్కున హాలు చుట్టి వస్తాం.

బాబూ, పాట పెట్టు.