కేటీ హురాదో: డైలాగు లేనప్పుడు చూడాలి ఈమెని

నమస్తే అండీ. ముందు ఒక సీన్ చెప్తాను. నది ఒడ్డు, పొద్దు వాలుతోంది. కడుపులో బుల్లెట్ దిగిన ముసలి షెరిఫ్ పొట్ట పట్టుకుని నీళ్ల దగ్గరికి నడుస్తాడు. వెనకాలే భార్య. ఇంతసేపూ తనూ తుపాకి పట్టుకుని అతని పక్కన పోరాడిన మనిషి. ఇప్పుడు కాస్త దూరంలో ఆగిపోతుంది. అరవదు, గుండెలు బాదుకోదు. కళ్లనిండా నీళ్లతో అతన్నే చూస్తుంటుంది. ఆ మొహం మీద బాబ్ డిలన్ పాట. 'నాకింగ్ ఆన్ హెవెన్స్ డోర్' అనగానే ట్యూన్ అందుకుంటాం కదా, ఆ పాట పుట్టింది ఈ సినిమా కోసమే. 1973, శామ్ పెకిన్‌పా తీసిన 'పాట్ గారెట్ అండ్ బిల్లీ ద కిడ్'. ఆ భార్యగా చేసినామె మెక్సికన్ నటి కేటీ హురాదో. ఇంగ్లీషు స్పెల్లింగ్ చూసి జురాడో అనేస్తాం, స్పానిష్‌లో హురాదో.

1924లో పుట్టింది. మెక్సికో సినిమాకి అది స్వర్ణయుగం అంటారే, సరిగ్గా ఆ రోజుల్లో, 1943లో తెరమీదికి వచ్చింది. సినిమాలంటే ఇంట్లోవాళ్లకి గిట్టదు. చిన్న వయసులో పెళ్లి, ఇద్దరు పిల్లలు, ఆ పెళ్లి నిలబడలేదు. ఇల్లు గడవాలిగా! నటిస్తూనే పత్రికలకి రాసింది, రేడియోలో పనిచేసింది, ఎద్దుల పోరు మీద రివ్యూలు రాసింది. అంటే ఈమె మా జాతే అన్నమాట, రివ్యూయర్!

1948లో పేద్రో ఇన్‌ఫాంతే హీరోగా వచ్చిన 'నోసోత్రోస్ లోస్ పోబ్రెస్' అక్కడ పెద్ద హిట్. అందులో ఈమె పాత్రకి అసలు పేరే లేదు, బస్తీ జనం పెట్టిన పేరే: 'పొద్దెక్కి లేచేది'.

హాలీవుడ్ పిలుపు కూడా ఎద్దుల పోరు దగ్గరే వచ్చింది. బడ్ బెటికర్ అనే డైరెక్టర్ ఈమెని అక్కడ చూసి వేషం ఇచ్చాడు. అప్పటికి ఈమెకి ఇంగ్లీషు అంతంత మాత్రం. డైలాగుల్ని శబ్దాలుగా బట్టీపట్టి చెప్పేసింది. నాకేమనిపిస్తుందంటే, మాట తనది కానప్పుడు మనిషి కళ్లమీద ఎక్కువ ఆధారపడుతుంది. ఈమె కళ్లు ఆ పని బాగా నేర్చాయి.

ఇక 'హై నూన్', 1952, డైరెక్టర్ ఫ్రెడ్ జిన్నెమన్. రౌడీ ఒకడు మధ్యాహ్నం రైలుకి వస్తున్నాడు, ఊరి పోలీసు అధికారి, అంటే మార్షల్, గ్యారీ కూపర్‌కి ఊళ్లో ఒక్కడూ తోడు రాడు. తెల్లగౌను కొత్తపెళ్లికూతురు గ్రేస్ కెల్లీ. నల్లజుట్టు హెలెన్ రామిరెస్ మన కేటీ, హీరో మాజీ ప్రియురాలు. ఊళ్లో దుకాణం ఈమెదే, కానీ పైకి పేరు వేరేవాడిది. మెక్సికన్ ఆడది కదా, ఆ ఊరు అంతే. రౌడీ వస్తున్నాడని తెలియగానే దుకాణం అమ్మేసి పెట్టె సర్దుకుంటుంది. ఏడవడానికి టైం లేదు. కూపర్ వచ్చి తలుపు దగ్గర నిలబడతాడు. ఇద్దరూ స్పానిష్‌లో రెండు ముక్కలు: నిన్ను చూసి ఏడాదైంది, తెలుసు. అంతే! పాత కథంతా ఆ రెండు ముక్కల్లో చెప్పేశారు. మన దగ్గరైతే దానికో ఫ్లాష్‌బ్యాక్ పాట పడేది.

ఇంకో సీను. కెల్లీతో అంటుంది, అతను నా మనిషైతే నేను తుపాకి పట్టుకుని పక్కన నిలబడేదాన్ని అని. మరి నిలబడవేం అంటే, అతను నా మనిషి కాదు, నీ మనిషి అంటుంది. గొంతు పెంచకుండా! ఆ సీన్‌లో గ్రేస్ కెల్లీ చిన్నపిల్లలా కనిపిస్తుంది.

దీనికి గోల్డెన్ గ్లోబ్ వచ్చింది. ఆస్కార్ నామినేషన్ మాత్రం 'బ్రోకెన్ లాన్స్'కి, 1954లో. నిజానికి ఆ వేషం ఇంకో మెక్సికన్ నటి డోలోరెస్ దెల్ రియోది. కమ్యూనిస్టులంటూ అనుమానాలు రేగుతున్న రోజులవి, ఆమెని అమెరికాలోకి రానివ్వలేదు, వేషం కేటీకి వచ్చింది. సినిమాలో స్పెన్సర్ ట్రేసీ భార్య, రాబర్ట్ వాగ్నర్ తల్లి. కొడుక్కి 24, తల్లికి 30! ఇది మనకేం వింత కాదులెండి. బాగానే చేసింది, కానీ ఓర్చుకునే అమ్మ పాత్రకి నామినేషన్ ఇచ్చి హెలెన్‌ని వదిలేయడం నాకు మింగుడుపడదు.

హాలీవుడ్ ఈమెకి ఎక్కువగా మెక్సికన్ ఆడదాని వేషాలే ఇచ్చింది. పూర్తి స్థాయిలో చూడాలంటే డైరెక్టర్ బున్యుయేల్ మెక్సికోలో తీసిన 'ఎల్ బ్రూతో' చూడాలి. ముసలి ఇంటి ఓనరు పడుచు పెళ్లాం పలోమా. అద్దెకున్నవాళ్లని బెదిరించడానికి మొగుడు తెచ్చిన కసాయివాణ్ణి వలలో వేసుకుంటుంది. ఆకలి, పొగరు, కసి, ఏదీ దాచదు. మంచిదనిపించుకోవాలన్న తాపత్రయం ఒక్క ఫ్రేములో కనపడదు. మెక్సికో అవార్డు ఏరియల్ దీనికే ఇచ్చారు.

తరవాత నటుడు ఎర్నెస్ట్ బోర్గ్‌నైన్‌తో పెళ్లి, 1963కల్లా విడాకులు. 1981లో కొడుకు కారు ప్రమాదంలో పోయాడు. ఆ దెబ్బ తిన్నాక కూడా జాన్ హ్యూస్టన్ 'అండర్ ద వాల్కనో'లో చేసింది. 2002 జులైలో మెక్సికోలోని కుయెర్నవాకాలో కన్నుమూసింది.

ఏది ముందు చూడాలంటారా? 'హై నూన్', గంటన్నర కూడా లేదు. ఆ వెంటనే 'ఎల్ బ్రూతో'. దాని చివర్లో ఒక కోడిపుంజు వస్తుంది, ఎందుకో చెప్పను. అక్కడ పలోమా మొహం మాత్రం వదలకండి.