ఒక్క మెతుకు చాలనప్పుడు: సర్వే పట్టికలూ కై-స్క్వేర్ పరీక్షా

అందరికీ నమస్కారం. ముందు ఒక పట్టిక చెబుతాను, కాగితం మీద వేసుకోండి. ఈ అంకెలు లెక్క కోసం కల్పించినవి, ఏ సర్వేలోవీ కావు. ‘జ్వరమొస్తే మొదట ఎవరి దగ్గరికి వెళ్తారు?’ అని 600 మందిని అడిగారనుకోండి. పల్లెల్లో 360 మంది: సర్కారు ఆసుపత్రి 126, ప్రైవేటు 132, ఆర్‌ఎంపీ 102. పట్నాల్లో 240 మంది: అదే వరసలో 74, 118, 48. ఉండే చోటుకీ వెళ్లే చోటుకీ సంబంధం ఉందా, లేక ఈ తేడాలు శాంపిల్‌లో యాదృచ్ఛికంగా పడినవేనా?

సంబంధం లేదనుకునే మొదలుపెడతాం. అలాగైతే ఒక్కో గడిలో ఎందరుండాలి? అడ్డువరస మొత్తాన్ని నిలువువరస మొత్తంతో గుణించి 600తో భాగించాలి. ఆర్‌ఎంపీ మొత్తం 150 కాబట్టి పల్లె గడికి 360 × 150 ÷ 600 = 90. ఇలా పల్లె వరసకు 120, 150, 90. పట్నం వరసకు 80, 100, 60 వస్తాయి. వచ్చిన సంఖ్యలోంచి ఈ ఆశించిన సంఖ్య తీసేసి, తేడాను వర్గం చేసి, ఆశించిన సంఖ్యతోనే భాగించండి. ఆరు గడులకూ 0.30, 2.16, 1.60, 0.45, 3.24, 2.40. కూడితే 10.15. ఇదే కై-స్క్వేర్ విలువ.

దీన్ని దేనితో పోల్చాలి? మొత్తాలు కదలకుండా ఉంటే ఒక అడ్డువరసలో రెండు గడులు నింపగానే మిగతా నాలుగూ వాటంతటవే తేలిపోతాయి. కాబట్టి డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్, అంటే స్వేచ్ఛగా నింపగలిగే గడుల సంఖ్య, 2. 1900లో ఈ పరీక్షను తెచ్చిన కార్ల్ పియర్సనే ఇక్కడ పప్పులో కాలేశాడు. ఆయన లెక్కలో ఇది గడుల సంఖ్యలోంచి ఒకటి తక్కువ, అంటే 5. 1922లో ఇంకో గణాంకవేత్త ఆర్.ఎ. ఫిషర్ సరిదిద్దాడు. తేడా చిన్నది కాదు: 5 శాతం స్థాయిలో, అంటే సంబంధం లేకపోయినా నూటికి అయిదుసార్లే దాటే హద్దు, 2కి 5.99, 5కి 11.07. మన 10.15 ఒక హద్దు దాటింది, రెండోది దాటలేదు.

హద్దు దాటిందంటే సంబంధం బలంగా ఉందని కాదు. బలానికి 10.15ను 600తో భాగించి వర్గమూలం తీస్తే 0.13, అంటే బలహీనమైనదే. తేడా ఎక్కడుందో సవరించిన శేషాలు (ఒక్కో గడిలో తేడాను దాని ప్రామాణిక దోషంతో భాగిస్తే వచ్చేవి) చెబుతాయి: పల్లె వరసలో ప్రైవేటుకు మైనస్ 3.04, ఆర్‌ఎంపీకి 2.31, సర్కారుకు 1.06. సుమారు 2 దాటినవే పట్టించుకోదగ్గవి.

ఇక తప్పులు. గడుల్లో మనుషుల సంఖ్య వేయాలి, శాతాలు వేస్తే ఆ పరీక్ష చెల్లదు. ఒకే మనిషి రెండు జవాబులకు టిక్కు పెట్టే ప్రశ్న అయితే అతను రెండు గడుల్లో పడతాడు, అదీ చెల్లదు. ఆశించిన సంఖ్య 5 కంటే తక్కువున్న గడులు అయిదో వంతు మించకూడదు, ఏ గడిలోనూ 1 కంటే తగ్గకూడదు. చాలామంది వచ్చిన సంఖ్యను చూసి కంగారు పడతారు, చూడాల్సింది ఆశించినదాన్ని. జనాభా మొత్తానికి లెక్కగట్టిన వెయిట్లను (శాంపిల్‌లో ఒక్కో మనిషి ఎందరికి ప్రతినిధో చెప్పే సంఖ్యలను) నేరుగా గడుల్లో పోస్తే మరీ ఘోరం: ప్రతి గడినీ పదింతలు చేస్తే కై-స్క్వేర్ కూడా పదింతలవుతుంది, అడిగింది మాత్రం ఆ 600 మందినే.

వీటన్నిటికంటే ఎక్కువగా మోసం చేసేది ఇంకోటుంది. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తాం. గిన్నె అంతటా ఒకేలా ఉడుకుతుంది కాబట్టి అది చెల్లుతుంది. ఊళ్లు అలా ఉండవు. మన 600 మందీ 12 పల్లెలు, 8 వార్డుల నుంచి, చోటుకు 30 మంది చొప్పున వచ్చారనుకోండి. ఒక ఊళ్లో నమ్మకమైన ఆర్‌ఎంపీ ఉంటే ఆ ముప్ఫై మందిలో చాలామంది ఆయన పేరే చెబుతారు. అప్పుడు వాళ్లు ముప్ఫై వేర్వేరు సాక్ష్యాలు కారు. ఒకే ఊరివాళ్ల జవాబుల పోలిక, అంటే ఇంట్రాక్లాస్ కోరిలేషన్, 0.03 మాత్రమే అనుకున్నా, ఈ పోలిక వల్ల అనిశ్చితి ఎన్ని రెట్లు పెరుగుతుందో చెప్పే డిజైన్ ఎఫెక్ట్ 1 + 29 × 0.03 = 1.87. 10.15ను దీనితో భాగిస్తే 5.43. హద్దు 5.99 కదా, ఇప్పుడు దాటలేదు! పి-విలువ, అంటే సంబంధం లేకపోయినా ఇంత తేడా యాదృచ్ఛికంగా వచ్చే సంభావ్యత, 0.006 నుంచి 0.066కి పోయింది.

ఇక్కడ దెబ్బ పూర్తిగా తగలడానికి కారణం, పల్లె-పట్నం అన్నది ఊరంతటికీ ఒకటే. ఆడ-మగ లాంటి, ఊళ్లోనే మారే అంశమైతే దెబ్బ సాధారణంగా తక్కువ. అందుకే చేత్తో ఇలా భాగించడం ఉజ్జాయింపే. సరైన సవరణను 1981, 1984 పత్రాల్లో ఇచ్చినవాళ్లు ఏలూరులో పుట్టి కెనడాలో స్థిరపడ్డ జె.ఎన్.కె. రావు, న్యూజిలాండ్‌కు చెందిన ఆలస్టెయిర్ స్కాట్. రావ్-స్కాట్ సవరణ అంటే అదే.

గణాంకాల సాఫ్ట్‌వేర్‌లైన ఆర్‌లో సర్వే ప్యాకేజీ, స్టాటాలో సర్వే పట్టికల కమాండ్ ఈ సవరణ చేసి, కై-స్క్వేర్‌కు బదులు ఎఫ్ అనే విలువ ఇస్తాయి. వాటికి స్ట్రాటమ్ (శాంపిల్ తీసేముందు జనాభాను విడగొట్టిన వర్గం), క్లస్టర్ (మన లెక్కలో ఊరు లేదా వార్డు), వెయిట్ అనే మూడు కాలమ్‌లు ముందే చెప్పాలి. డేటా ఇచ్చేవాళ్లు గోప్యత పేరుతో ఊరి కోడ్ తీసేస్తుంటారు. పేరు అక్కర్లేదు, ఏ ఇద్దరు ఒకే ఊరివాళ్లో తెలిపే మారుకోడ్ చాలు. ఫైలు తీసుకునే రోజునే అది అడిగి పెట్టుకోండి.