పత్తికట్టెతో పెట్రోలా? కర్నూలు స్టూడియోలో రచ్చ

యాంకర్: 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోల్ పోసినాక బండి మైలేజ్ పడిపోయిందని జనం గోల, ఇంకోపక్క ఆదోని చుట్టూ పత్తికట్టె పొలాల్లోనే కాలబెడతాండారు, దాన్నే బూజుతో ఇథనాల్ చేస్తామంటున్నారు. మేడమ్, మైలేజ్ పడుతుందా పడదా?

ప్రొఫెసర్: అది తర్వాత సార్. రెండో ప్రపంచ యుద్ధంలో సోలమన్ దీవుల్లో అమెరికా సైన్యం గుడారాలు కుళ్ళిపోతాంటే, ఏందని చూస్తే దొరికిన బూజు ఇది, ట్రైకోడెర్మా రీసై. నూలు గుడ్డయినా కట్టయినా లోపలుండేది సెల్యులోజ్ అనే నార పదార్థమే కదా, దీని ఎంజైములు దాన్ని చక్కెరగా...

రైతు నాయకుడు: ట్రైకోడెర్మానా? బుడ్డలకి (వేరుశనగకి) విత్తనశుద్ధి చేసేదే కదమ్మా అది!

ప్రొఫెసర్: మీరు వాడేది ట్రైకోడెర్మా విరిడి, దీనికి చుట్టం.

యాంకర్: అంటే రైతు ఇంట్లోనే పెట్రోల్! మరి మైలేజ్...

రైతు నాయకుడు: ఉండన్నా. బుడ్డకట్టె, జొన్నచొప్ప అంతా లారీలకెత్తితే గొడ్లు ఏం తినాల?

ప్రొఫెసర్: నేను చెప్పేది పత్తికట్టె సార్, అది గొడ్లు తినవు.

రైతు నాయకుడు: పత్తి ఏరినాక గొర్రెల మందలు తోలేది యాడికమ్మా? ఎప్పుడన్నా చూసినావా?

ప్రొఫెసర్: ఆకు తింటాయి, కాయ తింటాయి, కట్టె...

(ముగ్గురూ ఒకేసారి, సగం వినపడలే)

పారిశ్రామికవేత్త: పానిపట్‌లో ఇండియన్ ఆయిల్ 2022లో వరిగడ్డి ప్లాంటు పెట్టింది, రోజుకు 100 కిలోలీటర్ల కెపాసిటీ, ఖర్చు 900 కోట్ల పైనే...

రైతు నాయకుడు: కోట్లు మాకెందుకప్పా, టన్ను కట్టెకి ఎంతిస్తావు? అది చెప్పు.

ప్రొఫెసర్: అంత సులభం కాదు. పత్తికట్టెలో లిగ్నిన్, అంటే కట్టెని గట్టిగా పట్టి ఉంచే పదార్థం, ఎక్కువ, ముందు ఆవిరితోనో యాసిడ్‌తోనో మెత్తబరచకుంటే ఎంజైమ్ లోపలికే పోదు, పైగా ఎంజైమ్ ఖర్చు తక్కువేం కాదు, ఆ చక్కెరని మళ్ళీ ఈస్టుతో పులియబెట్టాల...

యాంకర్: పులియబెట్టి కాస్తే సారానే కదా మేడమ్!

రైతు నాయకుడు: సారా అంటే గుర్తొచ్చె, మా ఊర్లో బెల్టు షాపు...

(రెండు నిమిషాలు బెల్టు షాపే)

యాంకర్: మేడమ్, మైలేజ్!

ప్రొఫెసర్: లీటర్ ఇథనాల్‌లో శక్తి పెట్రోల్ కన్నా మూడో వంతు తక్కువ, 20 శాతం కలిపితే కొంత తగ్గుతుంది. చెరకుతో చేసినా బూజుతో చేసినా ఒకటే.

యాంకర్: చూశారుగా, బూజు వల్ల మైలేజ్ తగ్గుతుందని మేడమే ఒప్పుకున్నారు!

ప్రొఫెసర్: నేనట్లా అన్లేదు!

రైతు నాయకుడు: అందుకే అంటాండా, ముందు గొడ్లు, తర్వాత బండ్లు!

యాంకర్: అన్న అడిగిందాంట్లో న్యాయముంది. మేడమ్, పది సెకన్లు.

ప్రొఫెసర్: కాలబెట్టే కట్టె గురించి కదా మనం మొద...

యాంకర్: టైమైపోయింది మేడమ్.

రైతు నాయకుడు: మైకు తీయొద్దన్నా, తూకంలో చేసే మోసం ఇంకా చెప్పలేదు నేను!