పగ్గం వదులు చేసే క్షణం

పశువైద్యం చదువుతున్న విద్యార్థులకు, సభలోని పెద్దలకు నమస్కారం. గుర్రాన్ని కొట్టకుండా దారికి తెచ్చే పద్ధతిని నేను ఎలా నేర్చుకున్నానో, దానిని ఇతరులకు నేర్పే పనిలోకి ఎలా వచ్చానో చెప్పమని అడిగారు.

మా నాన్న తిరుపతి రైల్వేస్టేషను దగ్గర జట్కా తోలేవారు. తాను అన్నం తినకముందే గుర్రానికి ఉలవలు ఉడకబెట్టి పెట్టే మనిషి. అయినా మొండికేసిన గుర్రానికి చెర్నాకోల తప్ప మందు లేదన్నది ఆయనకు తెలిసిన విద్య, నాకు అబ్బినదీ అదే. తరువాత కొన్నేళ్లు పందెపు గుర్రాల శాలలో పనిచేసి వచ్చి, చిత్తూరులో పెళ్లి ఊరేగింపులకు గుర్రాలను తిప్పుతున్న రోజుల్లో ఒక మార్వారీ జాతి ఆడగుర్రం నా చేతికి వచ్చింది. మురుగుకాలువ మీద పరిచిన ఇనుప రేకును అది దాటనంటే దాటనంది. నేను పగ్గం పొట్టిగా పట్టి లాగాను, అది వెనక్కి లాగింది. కొట్టాను, వెనక కాళ్లమీద లేచింది. పగ్గం నా అరచేతి తోలు ఒలిచింది, కిందపడి భుజం దగ్గర ఎముక విరిగింది. ఆ గుర్రానికి పొగరు అని కనబడినవాళ్లందరికీ చెప్పుకున్నాను.

కట్టుతో ఇంట్లో కూర్చున్నప్పుడు అమెరికా పశ్చిమ ప్రాంతపు శిక్షకుల గురించి తెలుసుకున్నాను. ఆరెగాన్‌లో పుట్టిన టామ్ డోరెన్స్ (1910–2003), ఆయన దగ్గర నేర్చుకుని ఊరూరా తిరిగి నేర్పిన రే హంట్ (1929–2009) చెప్పినదాని సారం ఒకటే: తప్పు పని గుర్రానికి కష్టమయ్యేలా, సరైన పని సులువయ్యేలా చూసి, నిర్ణయం దానికే విడిచిపెట్టాలి. దీనికి ‘సహజ అశ్వశిక్షణ’ అన్న పేరు పెట్టారు గానీ, మనిషిని వీపున మోయడం ఏ గుర్రానికీ సహజం కాదు కనుక ఆ పేరుతో నాకు కొంచెం పేచీ ఉంది. విరాటుడి కొలువులో గుర్రాలను చూసుకున్న నకులుడికి మన భారతంలో దామగ్రంథి అని పేరు, దామమంటే తాడు. ఆ తాడును ఎప్పుడు బిగించాలో, ఎప్పుడు వదులు చేయాలో తెలియడమే ఈ విద్య అంతా.

గుర్రం దాదాపు 350 డిగ్రీల మేర చూడగలదు. అయితే నుదుటికి ఎదురుగా అతి దగ్గరలో, ముక్కు కింద, తోక వెనుక ఉన్నవి దానికి కనబడవు. దగ్గరి నేలను చూడాలంటే తల దించాలి. ఆ రోజు నేను తల దించనివ్వకుండా పగ్గం పైకి పట్టి, కనబడని రేకు మీద కాలు పెట్టమన్నాను.

ఎముక అతుక్కున్నాక అదే గుర్రాన్ని అదే రేకు దగ్గరికి తీసుకెళ్లాను. పగ్గాన్ని కొద్దిగా బిగించి, అది బరువు ముందుకు మోపిన మరుక్షణం వదులు చేశాను. గుర్రానికి పాఠం అందేది లాగినప్పుడు కాదు, వదిలినప్పుడు. రెండు క్షణాలు ఆలస్యంగా వదిలితే అది వేరే పాఠం నేర్చుకుంటుంది. అది తల దించి రేకును వాసన చూసింది, డెక్క మోపింది, చప్పుడుకు బెదిరి వెనక్కి గెంతింది. నేను లాగలేదు. మళ్లీ తానే వచ్చింది. ముప్పావు గంట తరువాత పెదవులు చప్పరిస్తూ దాటిపోయింది.

నేర్పడం మొదలుపెట్టాక అంతకంటే కష్టమైంది. మొదట్లో శిష్యుడు పగ్గం పట్టగానే చెయ్యి దించు, పక్కకు జరుగు, ఇప్పుడు వదులు అంటూ క్షణం తెరిపి ఇచ్చేవాణ్ణి కాదు. గుర్రంతో మానిన పనిని మనుషులతో మొదలుపెట్టానని కొన్ని నెలలకు గాని తెలియలేదు. ఇప్పుడు ముందు గుర్రాన్నే ఇవ్వను. ఇద్దరిని నిలబెట్టి, కళ్లు మూసుకున్నవాడికి తాడు ఒక కొస, రెండోవాడికి మరో కొస ఇస్తాను. మాట లేకుండా నడిపించాలి. తన పిడికిలి ఎంత బిగుసుకుపోయిందో ఒక్క నిమిషంలో ప్రతివాడికీ తెలుస్తుంది.

“ఊరేగింపు ఆలస్యమైతే పెళ్లివారు ఊరుకుంటారా అన్నా?” అని గుర్రాల కుర్రవాళ్లు అడుగుతారు. ఊరుకోరు. అందుకే పలకల (డప్పుల) మోతను ముహూర్తానికి వారాల ముందే, దూరం నుంచి వినిపించి, గుర్రం చెవులు నిమ్మళించాకే ఒక్కొక్క అడుగు దగ్గరికి తేవాలి.

ఆ ఆడగుర్రం బయట వేపచెట్టు కింద ఉంది, రేకు కూడా తెచ్చాను. ముందుగా తాడు పట్టుకునే ఇద్దరు ఇలా రండి.