ఐదు లీటర్ల ఖాళీ క్యాన్

(సరస్సులు, జలాశయాల దగ్గరికి విహారానికి వెళ్లే ఒక బృందం సమావేశంలో చేసిన ప్రసంగం)

అధ్యక్షులకు, కార్యదర్శిగారికి, వేదిక మీది పెద్దలకు, కుర్చీలు దొరక్క గోడవారన నిలబడ్డవాళ్లకు నమస్కారం. ఇందాక నా గురించి చెప్పిన మాటల్లో సగం నాకే కొత్త. నాకిచ్చిన ఇరవై నిమిషాల్లో ఆరు ఆ పరిచయానికే పోయాయి కాబట్టి, మిగతా మర్యాదలన్నీ జరిగిపోయాయనే అనుకుందాం.

నాకిచ్చిన అంశం ‘ప్రకృతి ఒడిలో జలాశయ విహారం’. రాసుకునే వచ్చాను. తెల్లారకముందే వెళ్తే ఏ పక్షులు కనిపిస్తాయి, గుడారం గాలికి ఏ పక్కన వేసుకోవాలి, చెత్త వెనక్కి ఎలా తెచ్చుకోవాలి, అన్నీ కలిపి ఐదు పేజీలు. కానీ లోపలికి వస్తుంటే మీరు బయట అతికించిన ఫొటోలు చూశాను. ఒకదాంట్లో ఏడుగురు పిల్లలు మోకాళ్ల లోతు నీళ్లలో చేతులు పైకెత్తి నిలబడ్డారు. ఒడ్డు మీద పెద్దమనిషి ఒక్కడు కనపడడు. ఫొటో తీసినాయన ఉండే ఉంటాడు, కానీ ఆయన కళ్లు ఫోన్లో ఉన్నాయి కదా. అది చూశాక ఐదు పేజీలూ మడిచి జేబులో పెట్టుకున్నాను. గుడారం సంగతి కార్యదర్శిగారు చెప్తారు.

బల్ల మీది ఈ క్యాన్ చూసి మంచినీళ్లు తెచ్చుకున్నాడు కాబోలు అనుకుని ఉంటారు. దీని కథ తర్వాత. ముందు నేను మునిగిన కథ.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. ఈత వచ్చు, బాగానే వచ్చు. ఈత కొలనులో ఆగకుండా అటూ ఇటూ ఇరవై సార్లు తిరిగేవాణ్ని. నలుగురం కలిసి ఒక జలాశయానికి వెళ్లాం. పేరు చెప్పను, చెప్తే బోర్డు గొడవ మళ్లీ మొదలవుతుంది. ఎండాకాలం, నీళ్లు బాగా తగ్గి ఉన్నాయి. మోకాళ్ల దాకా, తొడల దాకా, నడుము దాకా దిగాను. కింద నేల చదునుగా, గట్టిగా తగులుతోంది. వెనక్కి తిరిగి ‘రండ్రా’ అని పిలిచి ఇంకో అడుగు వేశాను. కింద నేల లేదు.

అది పాత బావి. జలాశయం నింపకముందు అక్కడ పొలాలుండేవట. పొలాలూ మునిగాయి, బావులూ మునిగాయి. ఎవరూ పూడ్చలేదు.

ఇది పిల్లలు కూడా వినాలి. ఆనకట్ట కట్టి నింపిన నీళ్ల కింద ఉన్నది నిన్నమొన్నటి దాకా మనుషులు తిరిగిన నేల. బావులు, గోడలు, రాళ్లు తవ్విన గుంతలు, చెట్ల మోళ్లు ఎక్కడివక్కడే ఉంటాయి. ఘనా దేశంలో వోల్టా సరస్సు ఉంది. 1965లో పూర్తయిన అకొసాంబో ఆనకట్ట వెనక నిండిన నీళ్లు, సుమారు 8,500 చదరపు కిలోమీటర్లు. అడవిని చాలావరకు నరక్కుండానే ముంచేశారు. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ మోళ్లకు తగిలి పడవలు బోల్తా పడుతూనే ఉన్నాయి. పడవల సంగతే అలా ఉంటే మన పాదాలెంత?

ఎక్కడున్నాను? ఆఁ, బావిలో.

కిందికి జారగానే తెలిసింది చలి. పైన నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి, కాళ్లకు మాత్రం ఐసు ముట్టుకున్నట్టుంది. వెచ్చని నీరు తేలిక కాబట్టి పైన ఉండిపోతుంది, చల్లనిది బరువెక్కి అడుక్కి దిగుతుంది. 4 డిగ్రీల దగ్గర నీరు అన్నిటికంటే బరువు. చేత్తో ముట్టుకుని ‘బాగున్నాయి’ అంటామే, అది పైపొర గురించి మాత్రమే. ఒంట్లో వేడిని నీరు గాలికంటే దాదాపు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది. చల్లటి నీళ్లు ఒక్కసారిగా తగిలితే మనిషి తనకు తెలియకుండానే నోరు తెరిచి గట్టిగా ఊపిరి లాగుతాడు. ఆ క్షణానికి తల నీళ్లలో ఉందనుకోండి. నాకు అదే జరిగింది. నా ఇరవై సార్ల ఈత ఎటు పోయిందో పోయింది.

మొహం పైకి వచ్చేది, మళ్లీ మునిగేది. స్నేహితులు ముగ్గురూ పది గజాల దూరంలో నన్నే చూస్తున్నారు. ఒకడు నవ్వుతున్నాడు. వాడి తప్పేం లేదు, వేళాకోళం చేస్తున్నాననుకున్నాడు. నేను అరిచి ఉంటే కదా వాడికి తెలిసేది!

న్యూయార్క్‌లో ఫ్రాన్సెస్కో పియా అని ఒక లైఫ్‌గార్డు ఉండేవాడు. నీళ్లలో మునుగుతున్నవాళ్లను కెమెరాతో చిత్రీకరించి మరీ గమనించాడు. సినిమాల్లో చూపించినట్టు మునిగేవాడు చేతులూపడు, కేకలు వెయ్యడు. రెండు చేతులూ పక్కలకు చాపి నీటిని కిందికి నొక్కుతూ నోరు పైకి తేవడానికి చూస్తుంటాడు. ఊపిరికే దిక్కులేనప్పుడు కేకెక్కడిది? ఇదంతా 20 నుంచి 60 సెకన్లు. ఆ తర్వాత నీళ్ల మీద ఏమీ ఉండదు. పిల్లల గోల వినిపిస్తున్నంతసేపూ టెన్షన్ పడకండి. గోల ఆగితే చూడండి. లేదు, ఆగాక కాదు. ముందునుంచే చూస్తుండండి. ఒక్కరు, ఫోన్ లేకుండా, అదే పనిగా.

2021లో ప్రపంచంలో 3 లక్షల మంది నీళ్లలో మునిగి చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అంటే గంటకు 30 మందికి పైనే. బైకాల్ సరస్సు లోతు 1,642 మీటర్లని గొప్పగా చెప్పుకుంటాం. మనిషి పోవడానికి అంత అక్కర్లేదు, ముక్కు మునిగితే చాలు.

నన్ను తీసింది ఒక మేకల కాపరి. ఆయనకు ఈత రాదు. అది నా అదృష్టం అంటాను, ఎందుకంటే ఆయన దూకలేదు. దూకబోతున్న నా స్నేహితుణ్ని చొక్కా పట్టి వెనక్కి లాగి, ‘ఆగవయ్యా, నువ్వు దిగితే ఇద్దరవుతారు’ అన్నాడట. భుజాన ఉన్న నీళ్ల క్యాన్ వంచి పారబోసి, మూత బిగించి, పిడికి మేకల్ని కట్టే తాడు కట్టి విసిరాడు. నా తల దాటి పడింది. తాడు చెంపకు తగిలింది. దాన్ని పట్టుకున్నాను, ఆయన లాగుతుంటే క్యాన్ నా గుండెల కిందికి వచ్చింది. ఒడ్డు మీద బోర్లా పడుకుని లాగాడు ఆయన, తను జారకుండా. పేరు అడగాలన్న స్పృహ కూడా లేదు నాకు. వారం తర్వాత వెతుక్కుంటూ వెళ్లాను, మేకలు వేరే చోటికి తోలుకుపోయాడన్నారు.

బోర్డు గొడవ అన్నాను కదా. వద్దనుకుంటూనే చెప్తున్నాను. ఆ బావి దగ్గర హెచ్చరిక పెట్టమని ఏడు అర్జీలు ఇచ్చాను. మొదటిదానికి ‘పరిశీలనలో ఉంది’ అన్నారు. నాలుగోదానికి ‘ఆ స్థలం మా పరిధిలోకి రాదు’ అన్నారు. ఏడోదానికి జవాబు రాలేదు కానీ బోర్డు వచ్చింది. ఎండాకాలం వచ్చి, నీటి అంచు ఎక్కడుందో సరిగ్గా అక్కడ పాతి వెళ్లారు. వానలు పడగానే మునిగిపోయింది. ‘లోతు ఎక్కువ, దిగరాదు’ అని చేపలకు చెప్తోంది. మళ్లీ నీళ్లు తగ్గేసరికి అక్షరాలన్నీ బురద. నవ్వండి, నేనూ నవ్వాను. జలాశయానికి ఒక ఒడ్డంటూ ఉండదు, నెలకో చోటికి జరుగుతుందన్నది బోర్డు పెట్టేవాళ్లకే తోచకపోతే మనకెలా తోస్తుంది? నీళ్లు తగ్గినచోట పైన ఎండి పగుళ్లిచ్చిన నేల కనిపిస్తుంది. ఆ పెచ్చు కింద మోకాలి లోతు ఊబి ఉండొచ్చు. కర్రతో పొడిచి చూడకుండా అడుగు వెయ్యకండి.

అధ్యక్షులవారు చీటీ పంపారు. రెండు నిమిషాలట. సరే.

ఆనకట్ట కిందివైపు గురించి ఒక్క మాట. 2014 జూన్ 8న హిమాచల్‌ప్రదేశ్‌లో లార్జి డ్యామ్ నుంచి వదిలిన నీళ్లు బియాస్ నదిలోకి ఒక్కసారిగా వచ్చాయి. హైదరాబాద్ నుంచి విహారానికి వెళ్లిన 24 మంది ఇంజినీరింగ్ విద్యార్థులు కొట్టుకుపోయారు. నదిలో తేలి ఉన్న బండల మీదికి వెళ్లి ఫొటోలు దిగుతున్న పిల్లలు. ఆనకట్ట కింద ఆకాశం నిర్మలంగా ఉన్నా సరే, నీళ్లు ఎంత తక్కువగా ఉన్నా సరే, ఆ బండల మీదికి మాత్రం వెళ్లకండి. గేట్లు ఎత్తడానికి అక్కడే వాన పడాలనేం లేదు.

నన్ను నీళ్లంటే భయపడేవాడు అనుకోకండి. ఇప్పటికీ నెలకోసారి వెళ్తాను. తెల్లవారుజామున నీళ్ల మీంచి పొగమంచు లేస్తుంటే ఒడ్డున కూర్చోవడం కంటే నాకు తెలిసిన సుఖం లేదు. కానీ ఈ క్యాన్ లేకుండా వెళ్లను.

ఇప్పుడు చూడండి. లోపల రెండు వేళ్ల మందం నీళ్లు ఉంచాలి, ఉత్తది విసిరితే గాలికి ఎటో పోతుంది. మూత బిగించాలి. తాడు ఇరవై మీటర్లు. మునిగేవాడి మీదికి కాదు, వాడి తల దాటేట్టు విసరాలి. లావుపాటి ఎర్ర చొక్కా బాబూ, నువ్వు ఆ చివర కుర్చీలో కూర్చో. నువ్వు మునుగుతున్నావు. కేకలు వెయ్యకు, చెప్పాను కదా. రెండో వరుసలో అమ్మాయీ, నువ్వు రామ్మా. క్యాన్ పట్టుకో. ఊఁ, విసురు.

చూశారా, తాడు రెండో కొస కూడా క్యాన్‌తోపాటే వెళ్లిపోయింది. ఫర్వాలేదమ్మా, మొదటిసారి అందరూ అదే చేస్తారు. కొస కాలి కింద తొక్కిపెట్టుకో. మళ్లీ విసురు.