కోనసీమ చలికాలం, మినియాపోలిస్ మే నెల

నమస్తే అండీ అందరికీ! ఈ వారం వీడియో అమెరికాలో మినియాపోలిస్‌లోని మా అపార్ట్‌మెంట్ నుంచి కాదు, అంబాజీపేట దగ్గర మా పిన్ని వాళ్ళ దొడ్లోంచి. వెనకాల కొత్తిమీర మడి, దాని పక్కన మెంతికూర, గట్టు మీద పాలకూర. సంక్రాంతి ఇప్పుడే వెళ్ళింది కాబట్టి ఇంకొన్నాళ్ళు కళకళలాడతాయి. ఎండ ముదిరిందంటే కొత్తిమీర ఆకు మానేసి పువ్వుకొచ్చేస్తుంది.

“అంత మంచులో కూరలెలా పెంచుతావే?” అని పిన్ని పొద్దున్న అడిగింది. మీలో చాలామందికీ ఇదే సందేహం. జవాబు ఈ మడిలోనే ఉంది. ఇక్కడ చలికాలంలో వేసే ఆకుకూరలకి అక్కడి మే నెల చల్లదనం చక్కగా సరిపోతుంది. ఆగస్టు చివర్లో మళ్ళీ ఇంకో విడత చల్లుకోవచ్చు. పాలకూర, కొత్తిమీర కాస్త మంచు తగిలినా తట్టుకుంటాయి. అందుకే కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు టమాటా జోలికి వెళ్ళకుండా ముందు వీటితో మొదలుపెట్టండి.

బాల్కనీలో ఎండ పడే మూల, అడుగున చిల్లులున్న వెడల్పాటి తొట్టె ఉంటే చాలు. ధనియం చూడ్డానికి ఒక గింజే గానీ అందులో రెండు విత్తనాలుంటాయి. నలిపి బద్దలు చేసి అర అంగుళం లోతున వేయండి. మొలకకి వారం, పది రోజులు పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువే, కంగారుపడకండి. మెంతులు రాత్రి నానబెట్టి చల్లితే నాలుగైదు రోజుల్లో పైకొస్తాయి. పుదీనాకి మాత్రం విడిగా కుండీ ఇవ్వండి, లేకపోతే పక్క మొక్కల్ని బతకనివ్వదు.

మట్టి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఈ గోదావరి ఒండ్రు నేలలో బంగారం పండుతుంది. కానీ ఇలాంటి బరువైన మట్టిని కుండీలో నింపితే గట్టిపడిపోయి వేర్లకి గాలాడదు. మేము కొబ్బరి పొట్టు ఇటుకల్ని నీళ్ళలో నానబెట్టి, కంపోస్ట్ కలిపి వాడతాం. పొట్టు నీటిని పట్టి ఉంచుతుంది, కానీ అందులో బలం తక్కువ, కంపోస్ట్ తప్పనిసరి. ఇక్కడ కొబ్బరి పీచు తీసే చోట గుట్టలుగా పడుండే పొట్టుని అక్కడ డబ్బు పెట్టి కొంటున్నామంటే పిన్ని ఒక పట్టాన నమ్మలేదు!

టమాటా, మిర్చి వేడి కోరే మొక్కలు. వీటి నారు మార్చిలో ఇంట్లోనే పోయాలి. కిటికీ వెలుతురు చాలక మొక్కలు పీలగా సాగిపోతాయి కాబట్టి రోజుకి 14 నుంచి 16 గంటలు ఎల్ఈడీ లైట్ కావాలి. రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గట్లేదని చూసుకుని, మే చివర్లో బయట పెట్టండి. అదీ ఒక్కసారిగా కాదు. మొదటి రోజు నీడలో గంట, అలా పెంచుకుంటూ వారం పది రోజులు అలవాటు చేయాలి. ఈ పని చేయనివాళ్ళ మొక్కలే ఎండకి, గాలికి మాడిపోతాయి. గోంగూర, బచ్చలి కూడా అప్పుడే. జూన్, జూలైల్లో పగలు దాదాపు పదిహేను గంటలు ఉంటుంది కాబట్టి గోంగూర ఎంత కోసినా మళ్ళీ చిగురేస్తుంది. అక్టోబరులో మంచు రాబోతోందనగానే పచ్చి టమాటాలన్నీ కోసేసి పచ్చడి చేసుకోండి, మిర్చి కుండీ లోపలికి తెచ్చుకోండి.

రేపు కడియం నర్సరీలకి వెళ్తున్నాం. అక్కడ కరివేపాకు మొక్కలు చూస్తే ఒకటి సూట్‌కేస్‌లో పెట్టేసుకోవాలనిపిస్తుంది. దయచేసి ఆ పని చేయకండి. కరివేపాకు మీద బతికే ఒక చిన్న పురుగు నిమ్మజాతి తోటల్ని నాశనం చేసే తెగులుని మోస్తుంది, అందుకే అమెరికాలో ఆకు కూడా రానివ్వరు. విత్తనాలకీ ధ్రువీకరణ పత్రాలు అడుగుతారు. కరివేపాకు మొక్క అక్కడే కొనుక్కోండి, చలికాలం లోపల పెట్టి నీళ్ళు తగ్గించండి, ఆకు రాల్చినా వసంతంలో చిగురిస్తుంది. ధనియాలు, మెంతులైతే అక్కడి ఇండియన్ స్టోర్‌లో వంటకి కొన్నవే చల్లుకోవచ్చు, వేయించనివైతే చాలావరకు మొలుస్తాయి.